అక్వేరియం వేడికి కళ్లెం: ఏ ప్రోబ్, ఏ కంట్రోలర్ ఎవరికి నప్పుతుంది?

ట్యాంకులో నీళ్లు వేడెక్కి చేపలు పోయాయని వినగానే అందరూ ఎండనే తిట్టుకుంటారు. కానీ చలికాలంలో ఉడికిపోయిన ట్యాంకులూ తక్కువేం కాదు. అక్కడ దోషి హీటర్. దాని లోపలి థర్మోస్టాట్ కాంటాక్టులు నిప్పురవ్వలకు ఒకదానికొకటి అతుక్కుపోతే, ఇక ప్లగ్ పీకేదాకా అది వేడి చేస్తూనే ఉంటుంది. ఎండాకాలపు వేడి మెల్లగా ఎక్కుతుంది, చూసి సర్దుకోవడానికి టైం ఇస్తుంది. అతుక్కుపోయిన హీటర్ ఆ టైం ఇవ్వదు. 100 లీటర్ల నీళ్లు ఒక డిగ్రీ ఎక్కడానికి 418 కిలోజౌళ్లు చాలు. 300 వాట్ల హీటర్‌కి అది 23 నిమిషాల పని. ట్యాంకు నుంచి గదిలోకి పోయే వేడిని తీసేసి లెక్క చూసినా, రాత్రి పడుకుని పొద్దున్నే లేచేసరికి నీళ్లు పది డిగ్రీలు ఎక్కి కూర్చోవచ్చు.

కాబట్టి బయట ఒక కంట్రోలర్ పెట్టుకునేవాళ్లు దాన్నుంచి రెండు పనులు ఆశిస్తారు. నీళ్లు వేడెక్కితే ఫ్యానో, చిల్లరో (నీళ్లు చల్లబరిచే మెషిన్) ఆన్ చేయాలి, హీటర్ మొండికేస్తే కరెంటు తీసేయాలి. ఈ రెండింటికీ ఆధారం నీళ్లలో వేలాడుతూ వేడి కొలిచే వేలెడంత ప్రోబ్. దాన్ని కొనేటప్పుడు చాలామంది చూసేది డబ్బా మీద రాసిన ఖచ్చితత్వం. ప్లస్ ఆర్ మైనస్ అరడిగ్రీనా, ఒక డిగ్రీనా అని. అది అడగకూడని ప్రశ్నేమీ కాదు గానీ, దానికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. ఈ ప్రోబ్ చెడిపోతే ఎటువైపు చెడిపోతుంది? నీళ్లు వేడిగా ఉన్నాయని అబద్ధం చెబుతుందా, చల్లగా ఉన్నాయని చెబుతుందా? అరడిగ్రీ తేడాకి చేపలు చావవు. చల్లగా ఉందని పొరబడి రాత్రంతా హీటర్ నడిపితే చస్తాయి.

అసలు మీకు కావాలా?

ట్యాంకున్న గది ఏడాది పొడుగునా ఒకేలా ఉంటే, హీటర్ వాడకపోతే, ఉన్నవి గట్టి చేపలైతే కంట్రోలర్ మానేయండి. అలారం ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి చాలు. అద్దానికి అంటించే రంగుల పట్టీ మాత్రం సరిపోదు. అది ఒకవైపు నీళ్లను, ఇంకోవైపు గది గాలిని కలిపి చూపిస్తుంది.

హీటర్ ఉన్నా, నాజూకు ప్రాణులున్నా సంగతి వేరు. 25 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర అది 7.6కి పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంట్లో జీవక్రియ పెరిగి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. పైగా పీహెచ్ 8 ఉన్న నీళ్లలో మొత్తం అమ్మోనియాలో విషపు రూపం వాటా 25 డిగ్రీల దగ్గర 5.4 శాతం ఉంటే, 30 దగ్గర 7.5 శాతం అవుతుంది. డిస్కస్ చేపలు 28, 30 డిగ్రీల్లో హాయిగా ఉంటాయి. ఆక్సొలోటల్‌కి (నీళ్లలో బతికే ఒక రకం సలమాండర్) 24 దాటితేనే ఇబ్బంది. పగడాల ట్యాంకులో ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్నాళ్లు అలాగే ఉండిపోతే పగడాలు తెల్లబడతాయి.

నాలుగు రకాల ప్రోబ్‌లు

మార్కెట్లో దొరికే అక్వేరియం కంట్రోలర్లలో ఎక్కువభాగం వాడేది ఎన్‌టీసీ థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దీని రెసిస్టెన్స్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండే రకం సర్వసాధారణం. ఒక్క డిగ్రీ మారితే దాదాపు 440 ఓమ్‌లు మారుతుంది కాబట్టి వైరు పొడుగైనా రీడింగ్ చెడదు. చవక కూడా. చిక్కు ఎక్కడంటే, అన్ని 10 కిలో ఓమ్‌ల ప్రోబ్‌లూ ఒకటి కావు. వేడికి రెసిస్టెన్స్ ఎంత చురుగ్గా మారుతుందో చెప్పే వాటి 'బీటా' విలువ 3950 ఉంటుంది, 3435 ఉంటుంది, ఇంకొన్ని రకాలూ ఉన్నాయి. 3950 ఆశించే కంట్రోలర్‌కి 3435 తగిలిస్తే 25 దగ్గర అంతా బాగానే కనిపిస్తుంది, అసలు 30 ఉన్నప్పుడు మాత్రం 29.3 అని చూపిస్తుంది. అంటే సరిగ్గా వేడెక్కే రోజునే తప్పు చెబుతుంది. పాత ప్రోబ్ పోయి విడిగా కొత్తది కొనేవాళ్లు ఈ అంకె సరిచూసుకోవాలి.

డీఎస్18బీ20 డిజిటల్ సెన్సర్. కంట్రోలర్ సొంతంగా తయారుచేసుకునేవాళ్లకి ఇది చాలా ఇష్టం. కొన్ని వైఫై స్విచ్‌లు కూడా దీన్నే వాడతాయి. మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య తేడా అరడిగ్రీకి మించదని తయారీదారు హామీ. ఒకే వైరు మీద నాలుగైదు ప్రోబ్‌లు పెట్టుకోవచ్చు. ట్యాంకులో ఒకటి, సంప్‌లో ఒకటి, గదిలో ఒకటి అన్నమాట. (సంప్ అంటే ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి.)

పీటీ100, పీటీ1000 ప్లాటినం ప్రోబ్‌లు. పరిశ్రమల్లో వీటికి గొప్ప గౌరవం. ఏళ్ల తరబడి పెద్దగా తప్పవు. కానీ పీటీ100లో ఒక డిగ్రీకి మారేది 0.385 ఓమ్ మాత్రమే. రెండు వైర్లతో కలిపితే, వైరులోని 0.1 ఓమ్ కూడా పావు డిగ్రీ పైన తేడా తెస్తుంది. అందుకే దానికి మూడు, నాలుగు వైర్ల కనెక్షన్ పెడతారు. పీటీ1000కి ఈ బాధ పదో వంతే. ఇంటి అక్వేరియంకి ఈ రెండూ అక్కర్లేదని నా అభిప్రాయం. మంచి ఎన్‌టీసీ కొని, మిగిలిన డబ్బుతో రెండో ప్రోబ్ కొనుక్కోవడం తెలివైన పని.

కే టైప్ థర్మోకపుల్ సంగతి ఒక్క మాటలో తేల్చేయవచ్చు. మామూలు గ్రేడులో దాని తేడా 2.2 డిగ్రీల దాకా ఉంటుంది. కొలిమికి పనికొస్తుంది, చేపల తొట్టికి కాదు.

చెడిపోతే ఎటు?

అసలు ఎంపిక జరగాల్సింది ఇక్కడ.

ఎన్‌టీసీ వైరు తెగిందనుకోండి. రెసిస్టెన్స్ అనంతం అవుతుంది. ఎన్‌టీసీ భాషలో దానికి అర్థం 'గడ్డకట్టే చలి'. కంట్రోలర్ కాస్త తెలివైనదైతే ఇది ప్రోబ్ లోపమని గుర్తించి, స్క్రీన్ మీద ఎర్రర్ చూపించి, అన్నీ ఆపేస్తుంది. తెలివి లేనిదైతే హీటర్ ఆన్ చేసి కూర్చుంటుంది.

ప్రోబ్‌లోకి నీళ్లు దిగితే కథ తిరగబడుతుంది. వైరు ప్రోబ్‌లోకి వెళ్లే చోట సీలు వదులై, తేమ లోపలికి పాకుతుంది. ఆ తడి గుండా కొంచెం కరెంటు పారుతుంది, మొత్తం రెసిస్టెన్స్ తగ్గుతుంది. తడి దారి 100 కిలో ఓమ్‌లు ఉన్నా చాలు, 25 డిగ్రీల నీళ్లు 27 దాటినట్టు కనిపిస్తాయి. ఇక్కడ ఎర్రర్ రాదు. అంకె చూడ్డానికి సహజంగానే ఉంటుంది. హీటర్ ఆగిపోతుంది, చిల్లర్ ఆగకుండా తిరుగుతుంది, మనమేమో 'ఈసారి ఎండ ఎక్కువగా ఉంది' అనుకుంటాం. ఈ రోగం మెల్లగా ముదురుతుంది. అందుకే ట్యాంకులో ఇంకో థర్మామీటర్ ఉండి తీరాలి, అప్పుడప్పుడూ రెండు అంకెలూ పోల్చి చూడాలి.

ప్లాటినం ప్రోబ్ వైరు తెగితే ఎన్‌టీసీకి సరిగ్గా ఉల్టా. మితిమీరిన వేడి అని చూపిస్తుంది. హీటర్ దృష్ట్యా ఇది మంచి గుణమే. డిజిటల్ డీఎస్18బీ20 అయితే తడి వల్ల ఎన్‌టీసీలా మెల్లగా పక్కకి జరగడం దాదాపు ఉండదు. సరైన అంకె ఇస్తుంది, లేదా అడ్డగోలు అంకె ఇస్తుంది. కరెంటు అందీ అందక రీసెట్ అయితే 85 అంటుంది. కనెక్షన్ పోతే ప్రోగ్రామర్లు ఎక్కువగా వాడే రెడీమేడ్ కోడ్ (లైబ్రరీ) మైనస్ 127 అని తిరిగి ఇస్తుంది. ప్రోగ్రాం రాసుకున్నాయన ఈ రెండు అంకెల్నీ విడిగా పట్టుకోకపోతే, మైనస్ 127 కి హీటర్ ఆన్ అవుతుంది, 85 కి చిల్లర్ పరుగెడుతుంది. రెండు లైన్ల కోడ్‌తో పోయే ప్రమాదం.

ఇక ఏ సెన్సర్ కూడా పట్టుకోలేనిది ఒకటుంది. ప్రోబ్ ఊడి ట్యాంకు బయట వేలాడటం. సక్షన్ కప్పు కొన్నాళ్లకి గట్టిపడి పట్టు వదిలేస్తుంది, నీళ్లు మార్చేటప్పుడు చెయ్యి తగిలి వైరు పైకి వస్తుంది, సంప్‌లో నీటిమట్టం తగ్గి ప్రోబ్ గాల్లో తేలుతుంది. ప్రోబ్ ఆరోగ్యంగానే ఉంటుంది, గది ఎంత చల్లగా ఉందో నిజాయితీగా చెబుతుంది. 22 డిగ్రీల గదిలో అలా వేలాడే ప్రోబ్‌ని నమ్మి, 26 కి సెట్ చేసిన కంట్రోలర్ హీటర్‌ని ఎప్పటికీ ఆపదు.

దీనికి విరుగుడు సులువైనదే. హీటర్ సొంత థర్మోస్టాట్‌ని గరిష్ఠానికి తిప్పేసి అంతా కంట్రోలర్‌కే వదిలేయకండి. కంట్రోలర్ 26 దగ్గర ఉంటే, హీటర్ నాబ్‌ని 27.5 దగ్గర పెట్టండి. కంట్రోలర్ దారి తప్పితే హీటర్ తనంతట తానే ఆగుతుంది, హీటర్ థర్మోస్టాట్ అతుక్కుపోతే కంట్రోలర్ ఆపుతుంది. రెండూ ఒకేసారి చెడిపోతే తప్ప నీళ్లు ఉడకవు. కంట్రోలర్ లోపల కరెంటుని ఆన్, ఆఫ్ చేసే రిలే కూడా హీటర్ కాంటాక్టుల్లాగే అతుక్కుపోగలదు కాబట్టి ఈ రెండో కాపలా ఎంత ఖరీదైన కంట్రోలర్‌కైనా అవసరమే. ఇంకో ఉపాయం, ఒక 300 వాట్ల హీటర్ బదులు రెండు 150 వాట్లవి పెట్టుకోవడం. ఒకటి అతుక్కున్నా ట్యాంకుని ఉడికించేంత బలం దానికి ఉండదు, ఒకటి చచ్చినా నీళ్లు ఒక్కసారిగా చల్లబడవు.

కొన్న కంట్రోలర్‌కి ఒక పరీక్ష పెట్టండి. హీటింగ్ సాకెట్‌లో హీటర్ బదులు టేబుల్ ల్యాంప్ గుచ్చండి. సెట్టింగ్‌ని గది వేడికన్నా రెండు డిగ్రీలు పైకి పెడితే ల్యాంప్ వెలుగుతుంది. ఇప్పుడు ప్రోబ్ జాక్ లాగేయండి. ల్యాంప్ ఆరిపోయి అలారం మోగితే ఆ కంట్రోలర్‌ని నమ్మవచ్చు. వెలుగుతూనే ఉంటే దాన్ని తిరిగి ఇచ్చేయడం మేలు. స్క్రూలతో ప్రోబ్ బిగించే రకమైతే ముందు మెయిన్ ఆపి, వైరు ఊడదీసి, ఆ తర్వాత ఆన్ చేసి చూడండి. మెయిన్ కరెంటు టెర్మినళ్లు పక్కనే ఉంటాయి.

కంట్రోలర్ ఏది?

హీటర్ ఒక్కటే కాపాడుకోవాలంటే ఒకే సాకెట్ ఉన్న కంట్రోలర్ చాలు. అందులో రెండు ప్రోబ్‌లున్న మోడల్ దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. రెండు అంకెలకీ పొంతన లేనప్పుడు అది గోల చేస్తుంది, మన పని తగ్గుతుంది.

హీటింగ్, కూలింగ్ రెండూ కావాలంటే రెండు దారులున్నాయి. ఎస్‌టీసీ-1000 లాంటి ప్యానెల్ రకం చవక, కానీ డబ్బాలో బిగించి వైరింగ్ మనమే చేసుకోవాలి. ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 లాంటివి ప్లగ్ గుచ్చితే చాలు. ఎస్‌టీసీ-1000లో సెట్ పాయింట్‌కి పైనా కిందా ఒకటే తేడా (అంటే సెట్ చేసిన అంకె నుంచి ఎంత జరిగితే ఆన్ అవ్వాలో) ఉంటుంది. ఐటీసీ-308లో హీటింగ్‌కి ఒకటి, కూలింగ్‌కి ఒకటి విడివిడిగా పెట్టుకోవచ్చు. చిల్లర్ వాడేవాళ్లకి ఈ సౌకర్యం బాగా పనికొస్తుంది. వైరింగ్ చేతకాని వాళ్లు ప్యానెల్ రకం జోలికి పోవద్దు. నీళ్ల పక్కన తెరిచిన టెర్మినళ్లతో ఆటలు వద్దు.

వైఫై గురించి నా టెన్షన్ ఒక్కటే. నెట్ పోయినప్పుడు నిర్ణయం ఎవరు తీసుకుంటారు? ఆన్, ఆఫ్ లెక్క పరికరంలోనే జరగాలి. ఫోన్‌కి మెసేజ్ రావడం అదనపు సుఖం, అంతే. నెప్ట్యూన్ అపెక్స్ లాంటి పూర్తిస్థాయి కంట్రోలర్లు పగడాల ట్యాంకులకి బాగుంటాయి. నీళ్లు 28 దాటగానే లైట్లు తగ్గించి, ఫ్యాన్లు పెంచి, హీటర్‌ని పూర్తిగా కట్ చేయమని వాటికి చెప్పవచ్చు. మామూలు మంచినీళ్ల ట్యాంకుకి అంత హంగామా అనవసరం.

రిలే మీద రాసిన 10 ఆంపియర్లను నమ్మి కంప్రెసర్ తగిలించేముందు ఆగండి. ఆ అంకె హీటర్ లాంటి లోడ్‌కి. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. పెద్ద చిల్లర్ అయితే మధ్యలో కాంటాక్టర్ (పెద్ద లోడ్ తట్టుకునే స్విచ్) పెట్టించడం మంచిది.

చల్లబరిచేది ఏదైతే, సెట్టింగ్ అలా

ఫ్యాన్‌ది అందరూ చిన్నచూపు చూసే దారి. కానీ ఒక లీటరు నీరు ఆవిరవడానికి 2430 కిలోజౌళ్ల వేడి పట్టుకుపోతుంది. 100 లీటర్ల ట్యాంకులో అది 5.8 డిగ్రీలతో సమానం. బయటినుంచి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి చేతికందేది సాధారణంగా రెండు మూడు డిగ్రీలు. గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజుల్లో అదీ దక్కదు. ఎంత తిప్పినా తడిబల్బు ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ గాలిలో చూపించే అంకె) కన్నా కిందికి దిగదు. ఆవిరైన నీళ్లు రోజూ పోయాలి. ఉప్పునీళ్ల ట్యాంకులో పోయాల్సింది ఉప్పు కలపని నీళ్లు, లేకపోతే ఉప్పదనం పెరుగుతూ పోతుంది. ఫ్యాన్‌కి తేడా అరడిగ్రీ పెట్టినా నష్టం లేదు, ఎన్నిసార్లు ఆగి తిరిగినా దానికేం కాదు.

చిల్లర్‌కి తేడా కనీసం ఒక డిగ్రీ, కంప్రెసర్ డిలే మూడు నిమిషాలు పెట్టండి. ఆగిన వెంటనే మళ్లీ మొదలైతే కంప్రెసర్ మీద భారం పడుతుంది. చిల్లర్‌కి దాదాపు ఎప్పుడూ సొంత ప్రోబ్ ఉంటుంది. దాన్నే పని చేయనిచ్చి, బయటి కంట్రోలర్‌ని దానికన్నా ఒక డిగ్రీ కింద కాపలాగా పెట్టడం మేలు. చిల్లర్ అతిగా చల్లబరిస్తే కంట్రోలర్ ఆపుతుంది. పంపుని మాత్రం కూలింగ్ సాకెట్‌లో గుచ్చకండి. నీళ్లు పారకపోతే చిల్లర్ లోపలి ప్రోబ్ తన దగ్గర నిలిచిన నీళ్లనే కొలుస్తుంది, ట్యాంకులో ఏం జరుగుతుందో దానికి తెలియదు. చిల్లర్‌ని స్టాండ్ కింది అల్మరాలో మూసి పెట్టడం ఇంకో వృథా పని. అది బయటికి తోసిన వేడి తిరిగి ట్యాంకుకే చేరుతుంది.

పెల్టియర్ కూలర్లు (కంప్రెసర్ లేకుండా కరెంటుతోనే ఒకవైపు చల్లబడే పలకలు) చిన్న రొయ్యల ట్యాంకులకి మాత్రమే. లాగే వేడికన్నా తినే కరెంటు ఎక్కువ.

హీటర్ ఆన్ అయ్యే అంకెకీ, కూలింగ్ ఆన్ అయ్యే అంకెకీ మధ్య ఒకటిన్నర, రెండు డిగ్రీల ఖాళీ ఉంచండి. లేకపోతే రెండూ ఒకదాన్నొకటి గెలవడానికి పోటీపడి కరెంటు బిల్లు పెంచుతాయి.

ప్రోబ్‌ని ఎక్కడ పెట్టాలి, ఎలా సరిచూడాలి?

నీళ్లు బాగా పారేచోట, హీటర్‌కి ట్యాంకు అవతలి చివర, మట్టం ఎంత తగ్గినా మునిగే లోతులో పెట్టండి. సక్షన్ కప్పు ఒక్కదాన్నే నమ్మకుండా వైరుని ట్యాంకు అంచుకి క్లిప్‌తో బిగించండి. సంప్ ఉంటే నీళ్లను తిరిగి ట్యాంకుకి పంపే రిటర్న్ పంపు ఉన్న అరలో కాకుండా, మట్టం మారని అరలో పెట్టండి. ఉప్పునీళ్లలో మామూలు స్టీల్ తొడుగు గుంటలు పడి తుప్పు పడుతుంది. ప్లాస్టిక్, ఎపాక్సీ లేదా టైటానియం తొడుగున్నదే కొనండి.

సరిచూడ్డానికి ముందుగా మంచు పరీక్ష. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండేంత నీళ్లు పోసి, కలుపుతూ కొన్ని నిమిషాలు ఆగితే సున్నా చూపించాలి. అయితే సున్నా దగ్గర ఒప్పు చెప్పిన ప్రోబ్ 28 దగ్గర కూడా ఒప్పే చెబుతుందన్న హామీ లేదు. అందుకని ఫ్లాస్కులో 37 డిగ్రీల దరిదాపు గోరువెచ్చటి నీళ్లు తీసుకుని, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ కొసనీ ప్రోబ్‌నీ పక్కపక్కన ముంచి కలపండి. జ్వరం థర్మామీటర్ ఆ పరిధిలో 0.1 డిగ్రీ దాకా నమ్మదగ్గది. మంచు దగ్గరా ఇక్కడా తేడా ఒకేలా ఉంటే, ఆ అంకెని క్యాలిబ్రేషన్ సెట్టింగ్‌లో పెట్టేస్తే సరిపోతుంది. రెండు చోట్లా తేడా బాగా వేరువేరుగా ఉంటే ప్రోబ్ రకం కంట్రోలర్‌తో కుదరలేదని అర్థం, ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయదు.

ఎవరికి ఏది?

చిన్న మంచినీళ్ల ట్యాంకు, ఒక హీటర్, ఎండల్లో ఫ్యాన్: రెండు సాకెట్ల ప్లగ్ రకం, ఎన్‌టీసీ ప్రోబ్. నన్నడిగితే ఎక్కువమందికి ఇదే. హీటర్ నాబ్ ఒకటిన్నర డిగ్రీ పైన పెట్టడం మాత్రం మర్చిపోవద్దు.

పెద్ద డిస్కస్ ట్యాంకుకి చల్లదనం కన్నా హీటర్ భద్రతే ముఖ్యం. రెండు ప్రోబ్‌ల హీటర్ కంట్రోలర్, సగం సగం బలమున్న రెండు హీటర్లు. ఆక్సొలోటల్‌కి, క్రిస్టల్ రొయ్యలకి కూలింగ్ సాకెట్ ఒక్కటీ చాలు, హీటర్ సంగతే వదిలేయండి. పగడాలకి చిల్లర్, దాని మీద కాపలాగా వేరే ప్రోబ్‌తో వేరే కంట్రోలర్. రెండింటికీ ఒకే ప్రోబ్ పంచితే కాపలా పేరుకే మిగులుతుంది.

సొంతంగా తయారుచేసుకునే సరదా ఉన్నవాళ్లు డీఎస్18బీ20 తీసుకోండి. ప్రోగ్రాం ఆగిపోతే రిలే దానంతటదే ఆఫ్ అయ్యేలా వైరింగ్ చేయండి. చిప్ మొరాయిస్తే తిరిగి లేపే వాచ్‌డాగ్ టైమర్ పెట్టండి. ఆ తర్వాత కూడా హీటర్ సొంత థర్మోస్టాట్‌ని తీసేయకండి.

ఏది కొన్నా సాకెట్ బోర్డు నీటిమట్టం కన్నా పైన ఉండాలి, వైర్లు కిందికి వంగి మళ్లీ పైకి వచ్చి ప్లగ్‌లోకి వెళ్లాలి, లైన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్) ఉండాలి. అయితే ఆర్‌సీసీబీ ట్రిప్ అయితే పంపు, కంట్రోలర్, అలారం అన్నీ కలిసి మూగబోతాయి. అందుకే ఆ పక్కన పెట్టే రెండో థర్మామీటర్ బ్యాటరీతో నడిచేదై ఉండాలి.